రిపోర్టు తీసుకున్నవారి సంతకం

"ఆపండి. ఎవరూ ముట్టుకోవద్దు," అన్నాడు మత్తు డాక్టరు.

ప్రసూన కడుపు మీద అప్పటికి ఇంకా కత్తి పెట్టలేదు. వెన్నులో సూది వేశారు, కాళ్లు మొద్దుబారాయి, సర్జన్ అరచేత్తో పొట్టను ఒకసారి గట్టిగా అదిమి చూశాడు. అంతే, గుండె గొంతులోకి ఎగిరొచ్చింది. కణతల్లో రోకలిపోట్లు. చెమట ఒక్కసారిగా పుట్టి చెవుల్లోకి కారింది. తలపక్కన మిషను కూత మొదలుపెట్టింది. నర్సు అంకె చదివింది. పైది రెండువందల యాభై, కిందిది నూటనలభై. మళ్లీ చూడమన్నాడు సర్జన్. మళ్లీ చూస్తే ఇంకో పది పెరిగింది. ఇంజెక్షన్ కోసం ఒకరు పరిగెత్తారు, ఆ తొందరలో ఎవరి మోచెయ్యో తగిలి పళ్లెం గచ్చు మీద పడి మోగింది. ఆకుపచ్చ గుడ్డల పైనున్న కళ్లన్నీ ఆ మిషను వైపే ఉన్నాయి.

చచ్చిపోతానేమో అని ప్రసూనకు అనిపించకపోలేదు. కానీ దానికంటే ముందు ఇంకో మాట తట్టింది. ఇదే. నాకు వచ్చేది ఇదే. ఈ రోజు చూసినవాళ్లు ఉన్నారు.

గంట తర్వాత బీపీ దిగింది. ఆపరేషన్ చెయ్యకుండానే బయటికి తెచ్చారు. 2005 మార్చిలో అనంతపురంలోని ఆ ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌కు ఆమె వచ్చింది గర్భసంచి తీయించుకోడానికి. ముప్పై ఎనిమిదేళ్లకే ఎందుకని ఎవరూ అడగలేదు. నెలలో ఇరవై రోజులు రక్తం పోతుంటే తీసేయడమే నయమని అత్త బయమ్మ అంది, వాళ్ల వీధిలో సగంమంది ఆడవాళ్లు తీయించుకున్నవాళ్లే. భర్త దివాకర్ రెడ్డి తేదీ మాట్లాడి వచ్చాడు. ప్రసూన చేసిందల్లా మూడు రోజులకు సరిపడా జొన్నరొట్టెలు కాల్చి, పచ్చడి నూరి, తొట్టి నిండా నీళ్లు నింపి రావడం.

మరుసటి రోజు కడుపంతా పెద్ద మిషనులో స్కాన్ తీయించారు. ఆ స్కానింగ్ సెంటరు డాక్టరు నెత్తిన నాలుగు వెంట్రుకలున్న పెద్దాయన. తీసిన ప్రతి స్కానుకీ ఒక నకలు దాచుకునే అలవాటు ఆయనది. ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసి, పేరు చూసి, ఊరు చూసి, బీరువాలోంచి ఒక పాత ఫైలు తీశాడు.

"ఈమె మా దగ్గరికి ఇంతకుముందు వచ్చిందే. 2001 జూలై. బండి మీంచి పడినాదని, లోపల దెబ్బలేమైనా ఉన్నాయేమోనని పంపించినారు. దెబ్బలేం లేవు. కానీ కుడి కిడ్నీ పైన చిన్న గడ్డ కనపడింది. పెద్దాసుపత్రిలో చూపించుకోమని ఎర్రగీత కొట్టి మరీ రాసినాను. నాలుగేండ్లు ఏం చేస్తాంటిరి?"

బయమ్మ కొంగు సర్దుకుంది. దివాకర్ ముందుకు వంగి ఫైలులోకి చూశాడు.

"మాకెవరూ ఆ కాగితం ఇయ్యలేదు సార్. ఇచ్చింటే ఊరుకుంటామా?" అన్నాడు.

డాక్టరు విసుక్కోకుండా అంతా విడమరిచి చెప్పాడు. కిడ్నీకి పైన టోపీ పెట్టినట్టు చిన్న గ్రంథి ఉంటుంది. పేరు అడ్రినల్. మనిషికి భయం వేసినప్పుడు గుండెను పరిగెత్తించేది అదే. అందులో గడ్డలు చాలామందికి ఉంటాయి. వేరే దేనికో స్కాన్ తీస్తే బయటపడతాయి. ఎక్కువ గడ్డలు ఊరికే కూర్చుంటాయి, ఏ హానీ చెయ్యవు. ఈమెది ఊరికే కూర్చునే రకం కాదు. భయం లేకపోయినా భయపు మందును రక్తంలోకి వదులుతుంది. వంగినా, బరువెత్తినా, పొట్ట నొక్కుకున్నా సరే. అప్పుడు ఉసిరికాయంత ఉంది, ఇప్పుడు నిమ్మకాయంత అయింది. రెండు వారాలు మాత్రలు వేసి బీపీని అదుపులోకి తెచ్చుకుని, ఆ తర్వాత బెంగుళూరులో తీయించుకోవాలి. మాత్రలు పడకముందు ఎవరూ కత్తి పెట్టకూడదు. నిన్న గర్భసంచి కోసి ఉంటే బల్ల మీంచి లేచేది కాదు.

"అంటే అప్పుడే తెలిసుంటే?" అని అడిగింది ప్రసూన.

"అప్పుడే తీసేసేవాళ్లు తల్లీ. నువ్వింత పడేదానివి కాదు."

*

ఇంతగా ఏం పడిందో చెప్పాలంటే ట్యాంకరు దగ్గర మొదలుపెట్టాలి. సోమందేపల్లె మండలంలో వాళ్ల ఊరు చిన్నగుట్టపల్లె. బోర్లన్నీ ఎండిపోయి ట్యాంకరు వచ్చే కాలం. వాళ్లది నలభై ఎకరాల ఇల్లే అయినా నీళ్లకు మాత్రం అందరితోపాటు బిందెలు పట్టుకుని నిలబడాల్సిందే, నిలబడేది కోడలే. ఒకరోజు వంగి బిందె ఎత్తబోతుండగా గుండె దడదడలాడింది, ముఖం సున్నం కొట్టినట్టయింది, రవిక తడిసిపోయింది, బిందె జారి కాళ్ల మీద పడింది. పావుగంటకు తగ్గింది. పోయిన నీళ్లకు బయమ్మ పొద్దుగూకేదాకా సణిగింది. ఆ తర్వాత అది వారానికొకసారి, పోనుపోను రోజు మార్చి రోజు. కళ్లాపి చల్లుతుంటే, పేడ ఎత్తుతుంటే, రోట్లో పప్పు రుబ్బుతుంటే. పని మధ్యలో చీపురు పారేసి గోడకు ఆనుకుని కూర్చుంటే బయమ్మ అనేది, పనంటేనే దీనికి పైనబడతాది, తిండి దగ్గర ఎప్పుడైనా వచ్చిందా అని. రాలేదు నిజమే. తినేటప్పుడు వంగాల్సిన పని లేదు కాబట్టి రాలేదని ఆ రోజుల్లో ఎవరికి తెలుసు? ప్రసూనకూ తెలియదు. ఒక్కోసారి ఆ దడలో నోరు ఊరుకోక ఎదురు మాట్లాడేది, అరిచేది, చేతులు వణికేవి. దాంతో పొగరన్నారు. తర్వాత గాలి సోకిందన్నారు. పొగరుకు మొగుడు ఒకసారి చెంప పగలగొట్టాడు. గాలికి అత్త దర్గాకు తీసుకుపోయింది.

దర్గాలో పీరాసాబ్ తాత తాయెత్తు కట్టలేదు. చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుని చాలాసేపు నాడి చూసి, ఇది గాలి కాదు, నాడి గుర్రం మాదిరి పోతాండాది, డాక్టరుకు చూపియ్యండి అని పంపించేశాడు. ఇంటికొచ్చి బయమ్మ ఆ సంగతి చెబితే దివాకర్ నవ్వాడు. సాబే చేతులెత్తేసినాడంటే ఇది మొండి దయ్యమే అన్నాడు. ఆ నవ్వు ఊరంతా తిరిగింది.

ఇదంతా మొదలైన ఏడే, బండి మీంచి పడిన మరుసటి నెల, పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. సర్పంచి పదవి ఆడవాళ్లకు పోయింది. దివాకర్ పదేళ్లుగా దాని కోసం కాచుక్కూర్చున్నాడు. పదో తరగతి పాసైన పెళ్లాన్ని నిలబెట్టాడు, గెలిపించాడు. మొదటి మీటింగుకు ప్రసూన ఇస్త్రీ చీర కట్టుకుని పోయింది. దళితవాడకు వారానికి ఒక ట్యాంకరే వస్తోందని, రెండు వేయించాలని మాట్లాడదామనుకుంది. తీర్మానాల పుస్తకం కింద పడితే తీయడానికి వంగింది. అంతమంది ముందు చెమటలు, వణుకు, అరుపు. దివాకర్ భుజం పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు. ఆ రోజు నుంచి మీటింగనే మాట వస్తే చాలు, దానికి బాగలేదప్పా నేను చూసుకుంటాలే అనడం అలవాటయింది. పనికి ఆహారం పథకం బియ్యం ఎవరికి ఇవ్వాలో, ట్యాంకరు ఏ వీధికి ముందు పోవాలో అన్నీ ఆయనే. జాతీయ జెండా కూడా ఆయనే ఎగరేశాడు. పేరు ఆమెది, రోగం ఆమెది, కుర్చీ ఆయనది.

వార్డు మెంబరు జుబేదాబీ మాత్రం ఒక్క మీటింగూ తప్పేది కాదు. పరుపులు కుట్టే ఇల్లు వాళ్లది. మీ ఆయన నిన్నెట్లా పంపిస్తాడే అని ప్రసూన ఒకసారి అడిగితే ఆమె సూది మీంచి కన్ను ఎత్తకుండా జవాబిచ్చింది. "మా ఆయనకి సంతకం చేసేది రాదక్కా. అందుకే నేను పోతాండా. నీ గాచారం, చదువుకున్నోన్ని చేసుకుంటివి."

*

అనంతపురం నుంచి తిరిగొచ్చాక ఇంట్లో అంతా మారిపోయింది. దివాకర్ మాత్రలు తానే తెచ్చి ఇచ్చాడు. దిండు వేశాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు. నీళ్లు పట్టడానికి సుంకమ్మను కూలికి పెట్టారు. రోజుకు మూడు గంటల పని, ఆ పనికి కూలి అనేది ఒకటుందని ఇరవై ఏళ్లలో మొదటిసారి ఆ ఇంట్లో తేలింది. బయమ్మ మొదటి రోజు ఏమీ అనలేదు. రెండో రోజు, వంగకూడదంట మా కోడలు, మహారాణి అంది. మూడో రోజు చీపురు తనే పట్టుకుని నడుం పట్టేసి గుమ్మంలో కూర్చుండిపోయింది. ఈ వాకిలి ఇంత పెద్దదని నాకు తెలీకపాయె అంది. ప్రసూన మంచం మీద పడుకుని దూలాలు లెక్కపెడుతూ ఒకటే ఆలోచించింది. ఎవరు?

గడ్డకు ఎవరూ కారణం కాదు. అది దానంతట అదే లేచింది. కానీ దాన్ని పట్టిచ్చిన కాగితాన్ని ఎవరో చేత్తో పట్టుకున్నారు, చదివారు, మడిచి జేబులోనో సంచిలోనో పెట్టుకున్నారు. ఆ తర్వాత నాలుగేళ్లు ఆమె చెమటలు చూస్తూ ఊరుకున్నారు. పది రోజుల్లో ఆమె మళ్లీ బల్ల మీద పడుకోవాలి. ఈసారి మాత్రలు తప్పినా, కాగితం తప్పినా లేవదు. ఆ కాగితాలు పట్టుకుని పక్కన నడిచే మనిషి ఎవరో తేలకుండా ఎట్లా పడుకోవడం?

పామిడి నుంచి ఆమె అన్న ఎర్రన్న వచ్చాడు. మాట తక్కువ మనిషి. సంగతంతా విని, బావా, ఆ కాగితం ఎవరి చేతికి పోయినాదో నాకు తెలవాల, తెలిసిందాకా నా చెల్లెలు బెంగుళూరు బస్సెక్కదు అన్నాడు. దివాకర్‌కు ముఖంలో రంగు మారింది, వెంటనే సర్దుకుంది. సాయంత్రానికి ఒక పేరు తెచ్చాడు. తిప్పన్న.

తిప్పన్న ఊరికి ఆర్‌ఎంపీ డాక్టరు. జ్వరాలకు సూది వేస్తాడు, పుండ్లకు కట్టు కడతాడు. 2001లో బండి మీంచి పడినప్పుడు స్కాన్ తీయించమని చీటీ రాసింది అతనే. దివాకర్ చెప్పిన కథ బాగా అతికింది. స్కానుకు ఎవరు రాసి పంపితే వాళ్లకే రిపోర్టు ఇస్తారు, తెచ్చుకోవాల్సింది తిప్పన్నే, పోగొట్టుకుని స్కానులో ఏమీ లేదని నోటిమాటగా చెప్పి చేతులు దులుపుకున్నాడు. నిజమే, అప్పట్లో కట్టు చూడడానికి వచ్చినప్పుడు ఆ మాట ప్రసూనతో అన్నది తిప్పన్నే. రేపు పంచాయతీ ఆఫీసు దగ్గర పదిమందిని పిలుస్తానని, అతను తప్పు ఒప్పుకుని ఊరు వదిలిపోవాలని దివాకర్ చెప్పాడు. ఎర్రన్న తల ఊపాడు.

ప్రసూనకు తిప్పన్న గుర్తొచ్చాడు. ఆ రోజు అతను ఆమె ముఖం చూడకుండా మందుల పెట్టె సర్దుకుంటూ ఆ మాట చెప్పాడు. చెప్పమంటే చెప్పిన మనిషిలా ఉన్నాడు.

దివాకర్ బయటికి పోయాక అత్తను అడిగింది. పొయ్యి అంటించడానికి చేతికందిన కాగితమల్లా వాడే మనిషి బయమ్మ. నాలుగు రోజులుగా ప్రసూనకు సగం అనుమానం ఆమె మీదే ఉంది. బయమ్మ కోపం తెచ్చుకోలేదు. కాళ్లు చాపి మోకాళ్లు ఒత్తుకుంటూ కోడలి వైపు చూసింది.

"నేను కాల్చింటే కాల్చినానని చెప్తా. నాకేం బయ్యం? నా చేతికి రాలేదు అది. యాడికీ పోయి అడగొద్దు ప్రసూనా. తెలుసుకుంటే, తెలుసుకున్నదాంతోనే ఈ ఇంట్లో ఉండాల. అది శానా కష్టం. నేను ఉన్నా కాబట్టి చెప్తాండా."

అత్త నోట అలాంటి మాట ప్రసూన ఎప్పుడూ వినలేదు. ఆమె ఏం తెలుసుకుని ఎవరితో ఉందో అడగాలనిపించింది. అడగలేదు. తెల్లారగానే జుబేదాబీ ఇంటికి పోయి, అనంతపురం పోవాల, బస్సులో నేను పడిపోతే పట్టుకునేదానికి నువ్వు రావాల అంది. జుబేదా పరుపు సగంలో వదిలేసి చెప్పులేసుకుంది.

*

స్కానింగ్ సెంటరు కౌంటర్లో అమ్మాయి పాత రిజిస్టర్లు మేడ మీద ఉన్నాయంది. డాక్టరు చెబితే తెచ్చింది. 2001 జూలై పేజీలు చెమ్మకు అతుక్కుపోయాయి. ఒక్కొక్కటీ విడదీస్తూ వేలు పెట్టి వెతికింది. తేదీ, పేరు, ఊరు, స్కాన్ రకం. చివరి వరసకు పైన "రిపోర్టు తీసుకున్నవారి సంతకం" అని రాసి ఉంది.

"మీరే తీసుకున్నారు కదక్కా. ఇదో మీ సంతకం," అంది అమ్మాయి.

ప్రసూన చూసింది. కె. ప్రసూన. తన సంతకమే. కింద గీత, గీత చివర చిన్న మెలిక. స్కాన్ తీసిన మూడో రోజు తేదీ.

నేనేనా? నేనే వచ్చి తీసుకుని మరిచిపోయానా? నాలుగేళ్లుగా నీ తల సరిలేదు, నీకేం గుర్తుండదు అని చెప్పీ చెప్పీ చివరికి ఆమె తలను ఆమెకే అనుమానం చేశారు. ఒక్క నిమిషం, నిండుగా ఒక్క నిమిషం, ఆమె తన మీదే నేరం మోపుకుంది. తనే తెచ్చి ఎక్కడో పెట్టి పోగొట్టింది, తనే తిప్పన్నను ఊరొదిలి పోయేలా చేస్తోంది. గుండె వేగం పెరిగింది. జుబేదా బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్లు తాగించింది. బరువుగా, నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ ప్రసూన ఆ తేదీ దగ్గరికి మళ్లీ పోయింది. స్కాన్ తీసిన మూడో రోజు. అంటే బండి మీంచి పడిన మూడో రోజు. ఆ రోజు నేనెక్కడ ఉన్నాను?

నామినేషన్‌కు ఫోటో దిగడానికి సోమందేపల్లె పోతుంటే మేకలు అడ్డం వచ్చి బండి పల్టీ కొట్టింది. కడుపుకు రాయి తగిలింది. కుడి మణికట్టు విరిగింది. ఈ అనంతపురంలోనే మోచేతి దాకా పిండికట్టు వేశారు, వేళ్ల కొసలు మాత్రమే బయట కనపడేవి, ఆరు వారాలు బయమ్మ కలిపిస్తే ఎడంచేత్తో అన్నం తిన్నది. తల కూడా బయమ్మే దువ్వింది, దువ్విన ప్రతిసారీ తిట్టింది.

ఆ చేత్తో ఈ మెలిక ఎవరు తిప్పుతారు?

ఆ వెంటనే మిగతాది వచ్చింది. కట్టు వేసుకుని ఇంటికొచ్చిన మరుసటి రోజు సాయంత్రం. దివాకర్ మంచం మీద బాసింపట్టు వేసుకుని, పాత క్యాలెండరు వెనక, ఆమె బ్యాంకు పుస్తకం పక్కన పెట్టుకుని ఆమె సంతకం దిద్దుతున్నాడు. చదువుకున్న పెళ్లాన్ని నిలబెడుతూ ఎడమ వేలిముద్ర వేయిస్తే నవ్వుతారు, చెయ్యి బాగయ్యేదాకా నేను పెడతాలే అన్నాడు. మొదట్లో వంకరగా వచ్చింది. గీత ఇంకా పొడుగు లాగాల, మెలిక కిందికి కాదు పైకి, అని పక్కన కూర్చుని నవ్వుతూ దిద్దించింది తనే. పెళ్లయ్యాక వాళ్లిద్దరూ అలా కూర్చుని కలిసి చేసిన పని అదొక్కటే. చెయ్యి ఆరు వారాలకు బాగయింది. సంతకం మాత్రం తిరిగి రాలేదు. పంచాయతీ కాగితాలన్నిటి మీదా నాలుగేళ్లుగా ఆ చేతి సంతకమే. సెక్రటరీకి తెలుసు, మెంబర్లందరికీ తెలుసు. అది తప్పని ఎవరికీ తోచలేదు, ఆమెకూ తోచలేదు.

ఎందుకు అని ఆలోచించడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆ తేదీకి నామినేషన్లకు ఇంకా రెండు రోజులుంది. పెళ్లాం బెంగుళూరు ఆసుపత్రిలో ఉంటే సీటు అవతలివాళ్లకు పోతుంది. ఎన్నికలు అయిపోనీ అనుకుని ఉంటాడు, ఆ మాత్రం ఆమె అతనికి వదిలిపెట్టింది. ఎన్నికలయ్యాక చూద్దామనుకుని ఉంటాడు. ఎన్నికలయ్యాక మొదటి మీటింగులోనే ఆమె చెమటలు పట్టి అరిచింది. అప్పుడు తెలిసింది ఆయనకు, ఆ గడ్డ తన కుర్చీకి ఎంత పనికొస్తుందో. ఆ రోజు నుంచి అది మరపు కాదు. చెంప మీద కొట్టిన రోజు కూడా ఆయనకు తెలుసు. దర్గా గురించి నవ్విన రోజు కూడా తెలుసు. గర్భసంచి ఆపరేషన్‌కు తేదీ మాట్లాడి వచ్చిన రోజు కూడా తెలుసు.

అక్కడికి వచ్చేసరికి ఏడుపు రావాలి. రాలేదు. ఆ పేజీకి జిరాక్సు తీయించి ఇమ్మని అమ్మాయిని అడిగింది. రెండు తీయించుకుంది. ఒకటి జుబేదా చేతికిచ్చింది.

"ఇది నీ దగ్గర పెట్టుకో. బెంగుళూరికి నువ్వే రావాల నాతో. పదిహేను దినాలు పరుపులు కుట్టకుంటే మీ ఇల్లు గడుస్తాదా?"

"గడవదు. అయినా వస్తాలే," అంది జుబేదా. కాగితం మడుస్తూ, "మల్ల ఊర్లో ఏమని చెప్తావక్కా?" అని అడిగింది.

ప్రసూన రెండో కాగితాన్ని కొంగున కట్టుకుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని మాత్ర వేసుకుంది.

*

సాయంత్రం నాలుగు గంటల బస్సు దిగేసరికి పంచాయతీ ఆఫీసు వరండాలో పాతికమంది ఉన్నారు. తిప్పన్న స్తంభం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎర్రన్న మెట్ల మీద కూర్చున్నాడు. దివాకర్ నడుమ నిలబడి మాట్లాడుతున్నాడు. మంచిగానే మాట్లాడుతున్నాడు. మనిషి అన్నాక పొరపాటు చేస్తాడని, అయితే ఆడమనిషి ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు ఊరు సహించదని అంటున్నాడు. తిప్పన్న ఒక్కసారి తలెత్తి దివాకర్ ముఖం చూసి మళ్లీ దించుకున్నాడు. అతని ఇల్లు దివాకర్ స్థలంలో ఉంది.

వంగి చెప్పుల పట్టీలు విప్పకూడదు కాబట్టి ప్రసూన చెప్పులతోనే మెట్లెక్కింది. అందరూ అది చూశారు. నేరుగా లోపలికి పోయి, సర్పంచి కుర్చీ జుబేదా చేత వరండాలోకి లాగించి, అందులో కూర్చుంది. నిలబడితే పడిపోతుందని కూర్చుంది. చూసినవాళ్లకు అలా అనిపించలేదు.

గుండె అప్పుడే మొదలుపెట్టింది. అరచేతులు తడిశాయి. డాక్టరు చెప్పింది గుర్తుంది, కోపం వద్దు, అరుపు వద్దు. ఇక్కడ ఆ గడ్డ తెగబడితే ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోతుంది. దివాకర్ కూడా అదే చూశాడు. దగ్గరికొచ్చి, అందరికీ వినపడేలా, ప్రేమగా, మళ్లా వచ్చినట్టుండాది, చూడండి ఎట్లా చెమటలు పడ్తాండాయో, ఇంటికి తీసకపోండప్పా అన్నాడు. ఇద్దరు ఆడవాళ్లు ముందుకు రాబోయారు.

"ఎవరూ ముట్టుకోవద్దు," అంది ప్రసూన. గొంతు పెంచలేదు. "చెమటలే. కూర్చుంటే తగ్గుతాయి. ఇది గాలి కాదు, పొగరు కాదు, కిడ్నీ మీద గడ్డ. డాక్టరు పేరు పెట్టి చెప్పినాడు. నేను చెప్పేది రెండు మాటలే."

జిరాక్సు కాగితం అన్న చేతికిచ్చింది. చదవమంది. ఎర్రన్న తేదీ చదివాడు, ఊరు చదివాడు, రిపోర్టు తీసుకున్నవారి సంతకం దగ్గర ఆగిపోయాడు.

"ఇది నీ సంతకమే కదా?"

"నా పేరే. తేదీ చూడన్నా. నేను బండి మీంచి పడిన మూడో దినం. ఆ యాల నా కుడిచెయ్యి ఎట్లుండెనో ఈ ఊర్లో అందరూ చూసినారు. మా అత్త నాకు అన్నం కలిపిపెట్టింది."

గుమ్మం పక్కన నిలబడ్డ బయమ్మ వైపు కొందరు తిరిగారు. ఆమె కాదనలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సెక్రటరీ చేతిలో ఉన్న తీర్మానాల పుస్తకాన్ని మూసి చంక కింద పెట్టుకున్నాడు. ప్రసూన పేరు రాసేది ఎవరో ఊరికి కొత్తగా చెప్పాల్సింది కాదు. ఒక్కొక్క తలా దివాకర్ వైపు తిరిగింది. దివాకర్ నవ్వబోయాడు. "దీని మాట పట్టుకుని... మందులు పడక తల తిరుగుతాండాది దీనికి..." అని ఆగాడు. వినేవాళ్ల ముఖాలు చూసి ఆగాడు.

"తిప్పన్నా, నువ్వు ఇంటికి పో," అంది ప్రసూన. "అన్నా, బెంగుళూరికి నాతో జుబేదా వస్తాది. నా కాగితాలు నా దగ్గరే ఉంటాయి, నా సంతకం నేనే పెడతా. వచ్చినాంక ఈ కుర్చీలో నేనే కూర్చుంటా. ఇంక ఎవరూ నా బదులు దేనికీ పోనక్కర్లేదు."

ఎర్రన్న మెట్ల మీంచి లేచాడు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. అతనికీ అర్థమయింది. కానీ అతను పాతికమంది ముందు అడగదలుచుకున్నాడు.

"ఎవరమ్మా? నీ నోటితోనే చెప్పు."

మా ఇంటాయన అనొచ్చు. ప్రశాంతి వాళ్ల నాయన అనొచ్చు, హాస్టల్లో ఉన్న కూతురి పేరు అడ్డం పెట్టుకుని. ఈ ఊళ్లో పెళ్లయిన ఏ ఆడదీ ఇంకో రకంగా అనదు. రేషన్ కార్డు దగ్గర, బ్యాంకు దగ్గర, నామినేషన్ దగ్గర మొగుడి పేరు ఎవరు అడిగినా పక్కనున్నవాళ్లు చెప్పేవాళ్లు, ఆమె తల వంచుకునేది. ఇరవై ఏళ్లలో ఆ పేరు ఆమె నాలుక మీద ఒక్కసారీ రాలేదు. ప్రసూన ఊపిరి నిదానంగా లోపలికి తీసుకుంది, గుండె కొంచెం సర్దుకునేదాకా ఆగింది, తల వంచకుండా, దారిన పోయే మనిషి పేరు చెప్పినట్టు చెప్పింది.

"దివాకర్ రెడ్డి."